తునికాకుల్లో వాచీ

తెలుగు నేతగాళ్లుండే దాజీ పేట్‌లో పెంటప్ప ఇంట్లో ఆ ఉదయం ఎవరి పథకం వారికి ఉంది. భర్త పథకం భార్యకు చెప్పలేదు, భార్య పథకం భర్తకు చెప్పలేదు. పదో తరగతి చదివే సారికకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

పెంటప్ప పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు నేస్తాడు. కూతురికి స్మార్ట్‌వాచీ కొన్నది ఆయనే. పిల్ల ఎక్కడుందో తన ఫోన్‌లో కనిపిస్తుంది. తండ్రి కాల్ చేస్తే పిల్ల ఎత్తకపోయినా వాచీయే ఎత్తుతుంది. ఇక మగ్గంలో నూలు కండె మార్చినప్పుడల్లా కూతుర్ని ఓసారి చూసుకోవచ్చని ఆయన సంబరం.

సారిక మాత్రం అందులో స్నేహితురాళ్ల మెసేజీలే చూసేది. అన్నం ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయేది. పరీక్షలు దగ్గర పడుతుంటే ఇదేం పిచ్చని తల్లి ద్రౌపదికి ఒళ్లు మండింది. పిల్ల స్నానానికి వెళ్లగానే వాచీ తీసి, బీడీలు చుట్టడానికి తడిగుడ్డలో పెట్టుకున్న తునికాకుల మధ్యకు తోసింది. సారిక ఇల్లంతా వెతికి, దొరక్క, ఏడుపుముఖంతో ట్యూషన్‌కు వెళ్లింది.

ద్రౌపది నీళ్లకు వెళ్లినప్పుడు పక్కింటి యల్లమ్మ వచ్చింది. ఆకు తక్కువపడితే పక్కింట్లో తీసుకోవడం, తర్వాత ఇచ్చేయడం ఆ గల్లీలో మామూలే. యల్లమ్మ సగం ఆకు తన చాటలో వేసుకుని, దాంతో సహా హోట్గి రోడ్‌లో చెల్లెలి కూతురికి పెళ్లి పసుపు రాసే హళది వేడుకకు వెళ్లింది. పెళ్లింటికి వెళ్లినా బీడీల లెక్క తప్పదు కదా!

కండె మారుస్తూ పెంటప్ప ఫోన్ చూశాడు. ట్యూషన్‌లో ఉండాల్సిన పిల్ల హోట్గి రోడ్‌లో ఉంది. కాల్ చేశాడు. వాచీ బుద్ధిగా ఎత్తింది. అవతల ఆడవాళ్ల పాటలు.

"పిల్లకు పసుపు మంచిగ రాయుండ్రే! ఏడ్వకు బిడ్డా, లగ్నమంటే గిట్లనే ఉంటది," అంటోంది ఎవరో ముసలామె.

"సారికా! లే! నేనొస్తున్న!" అని పెంటప్ప అరిచాడు.

అవతల కెవ్వుమన్న కేకలు. చాట బోర్లాపడిన చప్పుడు. లైన్ కట్టయింది.

ఇంటికి పరుగెత్తాడు. "నీ బిడ్డకు ఎవరో లగ్నం చేస్తున్రే! దొరకనియ్యి, దాని సదువు బంద్!"

ద్రౌపది తడిగుడ్డ విప్పింది. వాచీ లేదు. "అరే దేవా! దాశిపెట్టిన దాన్ని కూడ ఎత్కపోయింది!" అని నెత్తి కొట్టుకుంది. ఆకు సగమే ఉందన్నది ఆమె కంటికి ఆనలేదు. కోపంలో ఉన్న తల్లికి కూతురు తప్ప ఇంకేమీ కనబడదు.

గల్లీలో మగ్గాలన్నీ ఆగాయి. ఆ పూట కూలి పోయినా సరేనని మగవాళ్లు, చాటలు వదిలేసి ఆడవాళ్లు, ఇళ్లకు తాళాలేసి ఆటోలెక్కారు.

హళది పందిట్లో పసుపు పూసుకున్న పిల్ల వీళ్లను చూసి జడుసుకుంది. ఆమె సారిక కాదు. ఓ మూలన యల్లమ్మ వణుకుతూ, బోర్లాపడిన చాటను వేలితో చూపించింది. "వదినా, నీ ఆకుల దయ్యమున్నది. మొగదయ్యం!"

చెదిరిన ఆకుల్లోంచి పెంటప్ప వాచీ తీశాడు. అందరూ ద్రౌపదిని చూశారు. ద్రౌపది నేల చూసింది.

"మరి పిల్లేది?" అన్నాడు పెంటప్ప.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. కొత్త నంబర్.

"బాపూ, నేను నా ట్యూషన్ దోస్తు ఋతుజ ఫోన్‌కెళ్లి చేస్తున్న. ట్యూషన్‌ నుంచి ఇంటికొస్తే తాళమేసి ఉన్నది. గల్లీల ఒక్క మనిషి లేడు! చెప్పకుంట అందరెటు పోయిన్రు? నాకు భయమైతుంది."

పెంటప్ప పందిట్లోనే కూలబడి ఏడ్చేశాడు. "ఏం లేదు బిడ్డా, వస్తున్నం," అని మాత్రం అనగలిగాడు. తర్వాత లేచి గల్లీవాళ్లందరికీ దండం పెట్టాడు. "నా బిడ్డ కోసం మగ్గాలు బంద్ చేసి వచ్చిన్రు. మీ మేలు ఎన్నటికి మర్వను." తన పిల్ల ఇంతమందికి పిల్ల అని ఆయనకు ఆ రోజే తెలిసింది. పెళ్లివారు ఒక్కరినీ అన్నం తినకుండా కదలనివ్వలేదు.

ఇంటికొచ్చాక కథంతా విన్న సారిక, తండ్రి చేతిలోని వాచీని తీసి తల్లి ఒళ్లో పెట్టింది. "పరీక్షలయ్యేదాక నువ్వే ఉంచుకో. అడిగితే నేనే ఇస్తుంటిని గద అమ్మా!"

ద్రౌపది కూతుర్ని దగ్గరకు లాక్కుంది. "నా బంగారం! ఇంక అడగకుంట ముట్టను." చదువు బంద్ అన్న మాట తానెప్పుడూ అననే లేదన్నాడు పెంటప్ప.

మర్నాటి నుంచి ఇంట్లో ఒక నియమం వచ్చింది. గడప దాటేవారు ఎక్కడికి వెళ్తున్నారో చెప్పి మరీ వెళ్లాలి. పాపం, ఇప్పటిదాకా ఆలుమగలిద్దరూ దాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు.