ద్విశతాక్షర దుర్గ విజయం

సకల దరఖాస్తులకూ తల్లి అయిన తెల్లకాగితానికి ఒక దణ్ణం, దాని కడుపున పుట్టి దాన్నే మింగేసిన కంప్యూటరు తెరకు రెండు దణ్ణాలు, మూడు గంటలసేపు తెగకుండా నిలబడిన కరెంటు తీగకు లెక్కలేనన్ని దణ్ణాలు పెట్టుకుని చెబుతున్నాను, వినండమ్మా. ఇది ఏనుగుల యుద్ధం కాదు, గుర్రాల యుద్ధం అంతకన్నా కాదు. మొన్న శుక్రవారం మధ్యాహ్నం, భోజనానంతర నిద్రాభారంతో లోకంలోని సమస్త కార్యాలయాల కనురెప్పలూ వాలుతున్న వేళ, మందులషాపు పైన, ఇనుప మెట్లు ఎక్కగానే ఎదురయ్యే ఒంటికిటికీ గదిలో, ఒక కాలు పొట్టిదై అట్టముక్క ఆధారంగా నిలిచిన బల్ల మీద, రెండు గంటలకు మొదలై ఐదు కొట్టకముందే ముగిసిన అక్షరసంగ్రామం.

ఆ గదికి రాణి నర్సమ్మ. ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో ఆమె సూదిమందు పట్టుకుని వస్తుంటే జ్వరాలు వాటంతట అవే దిగిపోయేవని చెప్పుకుంటారు. అటువంటి జ్వరభయంకరి, శ్వేతవస్త్రధారిణి, పదవీ విరమణ చేసినా విశ్రాంతి ఎరగని విక్రమశాలిని, దెబ్బలు తిన్న కొండజనానికి కట్టు కడితే సరిపోదు, స్టేషనుదాకా తోడు వెళ్ళే మనిషి ఉండాలని ఒక చిన్న సంఘం పెట్టింది. ఆమెకు సేనాధిపతి తోడబుట్టిన అన్నయ్య. కోర్టు వరండాలో నలభై ఏళ్ళు అర్జీలు రాసి, చూపుడువేలికి సిరామరకనే ఉంగరంగా ధరించిన లేఖినీధరుడు, 'సదరు'శబ్దసార్వభౌముడు, సమాసమదగజకేసరి. రైటరుగారంటే ఆ వీధిలో కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. భయంతో కాదు, ఆయన మాట మొదలుపెడితే వాక్యం అయ్యేదాకా కదలనివ్వడని.

ఇంత యుద్ధం దేనికంటే, మేకలామె కోసం. కొండదారిలో ఇద్దరు ఆమెను తోసి పడేసి మేకల్ని తోలుకుపోయారు. విరిగిన చెయ్యి చున్నీతో మెడకు కట్టుకుని ఆ తల్లి కొండ దిగి వచ్చి, తన భాషలో "పడేశారు" అని చెప్పుకుంది. స్టేషనులో రాసుకునేవాడికి ఆ భాష రాదు. 'పడింది' అని రాసుకున్నాడు. చూశారా, ఒక్క మాట తేడాలో ఇద్దరు దొంగలు మాయమై, పాపం, ఎటూ కదలలేని ఒక బండరాయి నేరస్థురాలైంది! కాళ్ళరిగేలా తిరిగితే ఇప్పటికి ఆమె మాట మళ్ళీ రాసుకుంటామని పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఆమె మాత్రం ఒకే కబురు పంపింది: నా మాట తెలిసిన మనిషి పక్కన ఉంటే దిగుతాను, లేకపోతే దిగను. అలాంటి మనిషినీ, కొండెక్కే జీపునూ సర్కారు సాయంతో పెట్టుకోవచ్చు. దానికి దరఖాస్తు కంప్యూటరులోనే పెట్టాలి. శుక్రవారం ఐదింటికి తలుపులు మూసేస్తే మళ్ళీ మూడేళ్ళకు గానీ తెరవరు.

పేరు, ఊరు, రిజిస్ట్రేషన్ నంబరు అనే చిల్లర గుడిసెలన్నింటినీ నర్సమ్మ అరగంటలో జయించింది. చిట్టచివర నిలిచింది దుర్గం. నాలుగు పక్కలా సన్నటి గీత ఉన్న పెట్టె, లోపల అంతా తెల్లటి శూన్యం, నెత్తిన ఒక శాసనం: 'మీ పథకం అవసరాన్ని రెండు వందల అక్షరాలకు మించకుండా వివరించండి.'

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. రాత్రంతా కూర్చి, చొక్కా జేబులో గుండెకు ఆనించి తెచ్చిన కాగితం విప్పాడు.

"చెల్లాయ్, వేళ్ళు మడిచి లెక్కపెట్టా. నూట తొంభై ఆరు. నాలుగు అక్షరాలు సర్కారుకే వదిలేశా, పోనీలే అని."

"నీ దయ అన్నయ్యా. చదువు, కొడతాను."

ఆయన చదివాడు. "మహారాజశ్రీ ప్రభుత్వంవారి దివ్యసముఖమునకు, సదరు గిరిప్రాంతాంతర్గత నేరబాధిత స్త్రీజన న్యాయప్రాప్త్యర్థం..." అంటూ మేఘగర్జనలాగా మొదలుపెట్టి, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో పక్కనున్న చెల్లెలికి కూడా తెలియకుండా చివరిదాకా చదివేశాడు. నర్సమ్మ రెండు వేళ్ళతో టకటకా కొట్టింది. సగం కూడా కాకముందే దుర్గం అంచు భగ్గున ఎర్రబడింది. కోపోద్దీపిత నేత్రంలాగా, కాల్చిన కడ్డీలాగా, తప్పులు దిద్దిన పరీక్ష కాగితంలాగా ఎర్రబడి, పూర్తయ్యేసరికి మూలనుంచి ఒక అంకెను చూపించింది. నాలుగు వందల డెబ్బై మూడు.

"దానికి లెక్కలు రావు," అన్నాడు అన్నయ్య.

"కంప్యూటరుకు లెక్కలు రాకపోతే ఇంకెవరికి వస్తాయి?"

"నాకొస్తాయి. ఫోను ఇలా ఇవ్వు."

సహాయకేంద్రంవాళ్ళ పాట పదకొండుసార్లు విన్నాక అవతల ఒక అమ్మాయి పలికింది. అన్నయ్య నిలబడి, ఎడమచెయ్యి నడుముకు ఆనించి, న్యాయమూర్తి ఎదుట నిలిచినంత నిటారుగా ప్రసంగించాడు.

"అమ్మాయీ! తరతరాలుగా ఈ భాషలో పుట్టినవాళ్ళందరూ 'స్త్రీ' అనేది ఒక అక్షరమని చెప్పారు. పలకమీద ఒక్కటిగానే దిద్దించారు. నేను ఇచ్చినవి నూట తొంభై ఆరు. మీ యంత్రం రెండింతలకు పైన చూపిస్తున్నది. ఇదేమి అన్యాయం? ఇదెక్కడి కొలమానం?"

"అక్షరాలు ఎక్కువయ్యాయి సార్, తగ్గించండి."

"ఎక్కువ కాలేదనే కదా చెప్తున్నా!"

"సిస్టమ్‌లో ఎక్కువ చూపిస్తోంది సార్."

"మీ సిస్టమ్ ఏ బళ్ళో చదివింది?"

"ఆ వివరం నా దగ్గర లేదు సార్. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఫోను పెట్టేశాక ఆయన ముఖం చూస్తే రాళ్ళు కూడా జాలిపడేవి. నర్సమ్మ మాత్రం రోగం ఎక్కడుందో తెలియకుండా మందు వెయ్యని మనిషి. పెట్టెను ఖాళీ చేసి, ఆ ఒక్క 'స్త్రీ'నే కొట్టి అంకె వంక చూసింది. ఆరు. మళ్ళీ చెరిపి 'తల' అని కొట్టింది. రెండు.

"అన్నయ్యా! ఇది ఒత్తునొకటిగా, దీర్ఘాన్నొకటిగా, కొమ్మునొకటిగా విడగొట్టి లెక్కేస్తోంది. మనిషికి చొక్కా ఒకటి, గుండీలు ఐదు, మొత్తం ఏడుగురు వచ్చారన్నట్టు!"

"అయితే నా 'న్యాయప్రాప్త్యర్థం'?"

కొట్టింది. ఆయన లెక్కకు ఐదు. పెట్టె లెక్కకు పద్దెనిమిది.

"పద్దెనిమిదా," అంటూ ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీ కూడా కిర్రుమని ఏడ్చింది.

అప్పుడు మొదలైందమ్మా ఊచకోత! నర్సమ్మ చెరిపే మీటపై వేలుంచి విజృంభించగా, దివ్యసముఖము మొదటి దెబ్బకే నేలకొరిగెను; మహారాజశ్రీ కిరీటము జారి దొర్లిపోయెను; అంతర్గతమైనది బహిర్గతమయ్యెను; రేఫలు విరిగి, యకారపు ఒత్తులు తోకలు తెగి, క్రావడులు చెల్లాచెదురై, విసర్గలు రెండు కళ్ళూ తేలవేసి, తెరనిండా అక్షరకళేబరములు కనిపించకుండానే కనిపించెను. ఒక్కొక్క సమాసం పడుతుంటే అన్నయ్య "అయ్యో, అది నా తొలి ఉద్యోగం నాటిది," "అయ్యో, దాన్ని విని ఒక మునసబు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు" అని రొమ్ము బాదుకున్నాడు. మూడున్నర అయ్యేసరికి అంకె మూడు వందల పన్నెండు. మిగిలినదానికి అర్థం లేదు. అర్థం మిగిల్చితే అంకె దిగదు.

సరిగ్గా అప్పుడే ఇనుప మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. వచ్చింది దుబాసి. అంటే రెండు భాషల మధ్య నిలబడి మాట మోసే మనిషి. కొండ మీద పుట్టింది, కింద బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. మేకలామె కబురు తెచ్చింది తనే. ఇంతవరకూ సెలవు దొరికినప్పుడు ఊరికే తోడు వెళ్ళేది. ఇప్పుడు ఫ్యాక్టరీలో సెలవులన్నీ అయిపోయాయి. ఆ పూట కూడా కడుపునొప్పి అని చెప్పి వచ్చింది.

"అయిందా అక్కా?"

"అవలేదే. మీ బాబాయ్ రాసింది పట్టడంలేదు."

"ఏదీ, చదవండి బాబాయ్."

అన్నయ్య మొదటి ప్రతిని, పూర్వవైభవంతో సహా, మళ్ళీ చదివాడు. దుబాసి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నది.

"చాలా బాగుంది. ఎవరి గురించి?"

"మేకలామె గురించే!"

"ఆమె ఎక్కడుంది ఇందులో?"

అన్నయ్య కాగితం వంక చూశాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు. ఆమె అక్కడా లేదు. నర్సమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"నువ్వైతే ఎలా చెప్తావే?" అంది, నవ్వు తగ్గాక.

"నాకు మీ భాష బజార్లో వచ్చింది అక్కా. అక్కడ మాట పొడుగైతే బస్సు వెళ్ళిపోతుంది. మీరు కొట్టండి, నేను చెప్తా."

కిటికీ దగ్గర నిలబడి, వీధిని చూస్తూ, అవతల ఎవరో తన భాషలో చెబుతున్నదాన్ని వింటున్నట్టుగా ఆగి ఆగి చెప్పింది. నర్సమ్మ పెట్టెను ఖాళీ చేసి కొట్టసాగింది. పెట్టె అంచు ఎక్కడా ఎర్రబడలేదు. నూరు దాటింది, నూట యాభై దాటింది. గడియారం నాలుగు నలభై చూపించింది, కింద మందులషాపులో ఎవరో దగ్గితే ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. చివరి మాట పడగానే అంచు మళ్ళీ ఎర్రబడింది.

రెండు వందల నాలుగు.

"నాలుగే!" అంది నర్సమ్మ. "ఇదిగో, చివర్లో 'మళ్ళీ' ఉంది. అది తీసేస్తే సరి."

"అది తియ్యకక్కా."

"ఒక్క మాటే కదే."

"మొదటిసారి దిగింది, దానివల్ల ఒరిగిందేమీ లేదు. రెండోసారి దిగడానికే కదా మనం ఇన్ని పాట్లు పడుతున్నాం. ఆ మాట పోతే, ఆమె ఒకసారి వచ్చి వెళ్ళింది, ఇక పని అయిపోయిందని రాసుకుంటారు వాళ్ళు."

నర్సమ్మ వేలు మీటపైనే ఆగిపోయింది. అంతట కుర్చీనుంచి లేచెను లేఖినీధరుడు! సమాసములన్నీ కోల్పోయిన చక్రవర్తివలె, ఆయుధశాల తగలబడిన తర్వాత వంటింటి కత్తిపీట చేతబట్టిన యోధునివలె, తెర ముందుకు వంగి, కళ్ళజోడు నుదుటిపైకి నెట్టి, ఆ వాక్యాలను పెదవులతో ఒక్కొక్కటిగా తడిమెను. నలభై ఏళ్ళలో ఆయన అర్జీల్లో ఎవ్వరూ ఏదీ ఊరికే అనలేదు. విన్నవించుకున్నారు, మనవి చేసుకున్నారు, నివేదించుకున్నారు.

"ఇక్కడ 'చెప్పింది' అని ఉంది చూడు చెల్లాయ్. దానికి తొమ్మిది పడుతున్నాయి."

"అవును?"

"తీసెయ్. 'అంది' అని కొట్టు."

"అందా? నువ్వేనా అన్నయ్యా ఈ మాట చెప్తున్నది?"

"కొట్టవే తల్లీ, నా మనసు మారకముందే!"

కొట్టింది. నూట తొంభై తొమ్మిది. ఎరుపు జారిపోయింది. గదిలో ముగ్గురూ ఒక్కసారే అరిచిన అరుపుకు మందులషాపతను కిందనుంచి చీపురు కర్రతో కప్పు పొడిచాడు.

"ఒకటి మిగిలింది," అన్నాడు అన్నయ్య ఆశగా. "మొదట్లో ఒక్క 'శ్రీ'..."

"నాలుగు అన్నయ్యా అది."

"అవునవును." చొక్కా చేతులు మడిచి, సిరామరక అంటిన ఆ చూపుడువేలితో, నలభై ఏళ్ళ అనుభవాన్నంతా ఆ వేలి చివరకు తెచ్చి, తనే స్వయంగా మీట నొక్కాడు. చివర చుక్క పడింది. రెండు వందలు. అంచు లేతాకులాగా పచ్చబడింది. లోపల ఉన్నది ఇదీ:

"కొండ మీద ఒకామెను పడేశారు. ఆమె దిగి వచ్చి అదే మాట అంది. ఇక్కడ మా మాట ఎవరికీ రాదు. పడింది అని రాశారు. పక్కన మా మాట వచ్చిన మనిషి ఉంటే అలా రాయరు. ఒక మనిషి, ఒక జీపు కావాలి. అప్పుడు ఆమె మళ్ళీ దిగి వస్తుంది."

నాలుగు యాభై రెండుకు పంపే మీట నొక్కారు. తెరమీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆలోచించింది, తిరిగింది. తర్వాత ఒక వాక్యం వచ్చింది: 'మీ దరఖాస్తు పరిశీలనార్థం స్వీకరించబడినది.'

"చూశావా, పరిశీలనార్థం!" అన్నాడు అన్నయ్య, పోయిన చుట్టం తిరిగొచ్చినంత సంతోషంగా. "వాళ్ళు రాస్తే తప్పులేదు!"

దుబాసి అప్పటికే కొండకు ఫోను కలిపింది. తన భాషలో గబగబా మాట్లాడింది, నవ్వింది.

"ఏమంటోంది?" అని నర్సమ్మ.

"ఇచ్చారా అని అడిగింది. ఇవ్వలేదు, తీసుకున్నారు అని చెప్పా. పడేశారు అని రాశారా అని అడిగింది. రాశాం అన్నా."

"ఆ తర్వాత?"

"దిగాల్సిన రోజు ముందుగా చెప్పమంది. ఇంట్లో చంటి మేకపిల్ల ఒకటి మిగిలిందట, దాన్ని ఎవరికైనా అప్పజెప్పాలి కదా అంటోంది."

కాబట్టి విన్నవాళ్ళందరూ ఎరుగుదురు గాక: జీపు రాలేదు, జీతం రాలేదు, ఎవరూ ఏమీ ఇస్తామనలేదు, అయినను ఆ శుక్రవారపు సాయంకాలమున, మందులషాపు పైనున్న ఒంటికిటికీ గదిలో, జ్వరభయంకరి వేలివేగమునను, కాలర్లు కుట్టు వీరనారి వాక్చాతుర్యమునను, సమాససార్వభౌముని అపూర్వత్యాగమునను, ఎనిమిది నిమిషములు ఇంకనూ మిగిలియుండగనే, అరచేయంత పెట్టె యొకటి ఎరుపు విడిచి పచ్చబడెను! పచ్చబడెను! పచ్చబడెను!