థ్యాంక్స్ చెప్పనివాడికి తిండి లేదు

నవంబరు నెల నాలుగో గురువారాన్ని ఆస్ట్రేలియా అంతటా సెలవు రోజుగా ప్రకటించాలి. ఆ రోజు భోజనాల బల్ల దగ్గర, నలుగురూ వినేలా, ఎవరో ఒకరికి నోరు తెరిచి థ్యాంక్స్ చెప్పని మగవాడికి తిండి పెట్టకూడదని చట్టం చేయాలి. ఇది నా డిమాండు. తమాషాకి అంటున్నాననుకోకండి. నేను అరవై ఏడేళ్ళ గొర్రెల రైతుని. తమాషాలకి నాకు తీరిక దొరకదు.

ఆ థ్యాంక్స్‌గివింగ్ అమెరికావాళ్ళ పండగ కదా, మనకెందుకు అంటారా? మరి మీ నెత్తి మీద ఆ టోపీ ఏ దేశపు సినిమా చూసి కొన్నారు? మా పక్క పొలం క్లెమ్ డగ్గన్ పుట్టి బుద్ధెరిగాక మా ఊరు గుంబరా నుంచి పక్కనున్న డబ్బో టౌను దాటి పోలేదు. అయినా పాట ఎత్తుకున్నాడంటే టెక్సాస్‌లో పుట్టి పెరిగినట్టు ముక్కుతో పాడతాడు. ముక్కుతో అంత పని చేయగలిగినవాడు నోటితో ఒక్క థ్యాంక్స్ చెప్పలేడా?

అసలు వాళ్ళూ మనమూ ఇంగ్లండు అనే ఒకే ముసలమ్మ మనవలం. పెద్దవాడు ఆవిడతో దెబ్బలాడి, ఇల్లూ వాకిలీ లాక్కుని వేరు పడ్డాడు. చిన్నవాణ్ణి రొట్టె దొంగిలించాడని ఆవిడే ఓడెక్కించి తోలేసింది. వేరుపడ్డవాడు నా అంతవాడు లేడని ఇప్పటికీ చాటుకుంటూనే ఉన్నాడు. తోలేస్తే వచ్చినవాడు ఇప్పటికీ ఎవరైనా చూస్తున్నారేమోనని తల దించుకునే నడుస్తున్నాడు. రక్తం ఒకటే, నోళ్ళే వేరు!

ఈ జ్ఞానం నాకు కలిగించింది మా ఊరి పశువుల డాక్టరు ట్రూడీ హాల్వర్సన్. అమెరికాలో నెబ్రాస్కా నుంచి వచ్చి ఏడాది కావస్తోంది. మొదటిసారి మా దొడ్లోకి వచ్చి, "గుడ్ మార్నింగ్ సర్" అంది. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా వచ్చారేమోనని. గుంబరాలో ఒక మనిషిని ఇంకో మనిషి "సర్" అనాలంటే ఇద్దరూ కోర్టులో ఉండాలి, ఒకడు బోనులో ఉండాలి.

అక్కడితో ఆగిందా? నా పొట్టేలు గిట్టలు కోస్తూ దానితో మాటలు మొదలుపెట్టింది.

"ఎంత మంచివాడివయ్యా నువ్వు. ఎంత ఓపిక నీకు. నిన్ను చూస్తుంటే నాకు గర్వంగా ఉంది తెలుసా?"

పొట్టేలు ఛాతీ విరుచుకుని నిలబడింది. ఆ ఒక్క ఉదయం దానికి దక్కిన మెప్పు నాకు ఇన్నేళ్ళ బతుకులో దక్కలేదు. ఆ తరువాత సీజనంతా అది మందలో ఒక్క గొర్రెని కూడా నిరాశపరచలేదు. పుట్టిన పిల్లల్ని చూసి చెబుతున్నాను, ఊరికే చెప్పడం లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు. మంద కూడా మంచిదవుతుందని నేను కలుపుతున్నాను.

మరి మన పద్ధతి ఏమిటి? నా పెళ్ళిలో నా తరఫున నిలబడి మాట్లాడింది క్లెమ్. ఆ ప్రసంగం మొత్తం నాకు కంఠతా వచ్చు. "నొరీన్ ఇంతకన్నా మంచివాణ్ణి చూసుకోవాల్సింది. ఇప్పుడు చేసేదేముంది. తాగండి." అంతే! మా అత్తగారు కళ్ళు తుడుచుకుంది. ఇంత ప్రేమగా మాట్లాడిన కుర్రాణ్ణి తను ఎక్కడా చూడలేదట.

క్లెమ్ నన్ను పేరు పెట్టి పిలవడు. కంచె దగ్గర కలిస్తే మా పలకరింపులు ఇలా ఉంటాయి.

"ఇంకా చావలేదట్రా ముసలి వెధవా?"

"ముందు నిన్ను పాతిపెట్టి, ఆ తరవాత ఆలోచిస్తాన్లే."

ఒకరోజు ఇది ట్రూడీ చెవిన పడింది. పాపం, రెండు రోజులు ఆవిడకి అన్నపానాలు సయించలేదు. మూడో రోజు ఆపిల్ పళ్ళతో ఏదో కాల్చి పట్టుకుని మా వంటింటికి వచ్చి, నొరీన్ చెవిలో గుసగుసలాడింది.

"వాళ్ళిద్దరి మధ్యా ఏదైనా పాత గొడవ ఉంటే చెప్పండి. నేను కూర్చోబెట్టి మాట్లాడతాను."

"గొడవా?" అంది నొరీన్. "వాళ్ళు అలా తిట్టుకోవడం మానేసిన రోజున మాత్రం అంబులెన్సుకి ఫోన్ చెయ్యి తల్లీ."

అది అక్షరాలా నిజం. క్లెమ్ నన్ను జీవితంలో ఒక్కసారే "వాల్" అని పేరు పెట్టి పిలిచి, "ప్లీజ్" అన్నాడు. అప్పుడు అతని చెయ్యి ట్రాక్టరు కింద ఉంది.

ఇప్పుడు చెప్పండి, ఈ దేశానికి ఆ పండగ అవసరం ఉందా లేదా? పార్లమెంటుతో మొదలుపెడదాం. భోజన విరామంలో ప్రతి సభ్యుడూ ఎదుటి పార్టీలో ఒకరిని మెచ్చుకుంటేనే క్యాంటీను తలుపు తెరవాలి. నెల తిరిగేసరికి సగం మంది సన్నబడతారు, సగం మంది మంచివాళ్ళవుతారు. ప్రజలకి రెండూ లాభమే! క్రికెట్‌లో వికెట్ పడగానే మనవాళ్ళు ఎదుటివాడి తల్లిని తలుచుకోవడం మానేసి, "ఎంత అందంగా అవుటయ్యావు నాయనా" అని భుజం తట్టాలి. వాడు ఆ దెబ్బకి రెండో ఇన్నింగ్స్‌కి రాడు. ఇక గొర్రెల ఉన్ని కత్తిరించే పాకలో పనివాళ్ళు ఒకరినొకరు పొగుడుకోవడం మొదలుపెడితే ఉత్పత్తి రెట్టింపు అవుతుందని నా అంచనా. లేదా పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి పని ఆగిపోతుంది. అదీ ఆరోగ్యానికి మంచిదే.

సరే, ఇక్కడ జులై సంగతి ఒకటి చెప్పాలి. ఊరందరికీ తెలిసిందే కాబట్టి దాచి లాభం లేదు.

జులైలో, నడి చలికాలంలో, సరిగ్గా గొర్రెలు ఈనే రోజుల్లో, నేను నీళ్ళ ట్యాంకు నిచ్చెన మీద నుంచి జారి పడ్డాను. కాలు రెండు చోట్ల విరిగింది. పదకొండు వారాలు మంచం, కుర్చీ. ఆ పదకొండు వారాలూ మందని చూసింది నొరీన్ ఒక్కతే. తెల్లారకుండానే, గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉండగా, గమ్‌బూట్లు తొడుక్కుని పోయేది. తల్లి వదిలేసిన పిల్లల్ని కోటు లోపల పెట్టుకుని తెచ్చేది. మా వంటింట్లో పొయ్యి పక్కన అట్టపెట్టెల నిండా గొర్రెపిల్లలే. వాటికి సీసాతో పాలు పట్టి, ఆ చేతులతోనే వచ్చి నాకు సాక్సులు తొడిగేది. ఇంతలో నేనూ ఖాళీగా లేను. కిటికీ దగ్గర కూర్చుని సలహాలిచ్చాను.

చంకకర్రల మీద మొదటిసారి దొడ్లోకి నడిచిన రోజు చూద్దును కదా, మూడు వందల పిల్లలు చెంగుచెంగున గెంతుతున్నాయి! నొరీన్ నా పక్కనే నిలబడి ఉంది. ఏమంటానా అని నా మొహంలోకి చూస్తోంది.

"గేటుకి నూనె పెట్టాలి" అన్నాను.

నొరీన్ వెళ్ళి నూనె డబ్బా తెచ్చింది.

తొందరపడి నన్ను తిట్టకండి. మన లెక్కలో అది పొగడ్తే. నూనె కావలసింది గేటుకి మాత్రమే అన్నానంటే మిగతాదంతా బ్రహ్మాండంగా ఉందని కాదూ? ఇది ఏ ఆస్ట్రేలియన్‌కైనా పాలు తాగే వయసులోనే తెలుస్తుంది. నొరీన్‌కీ తెలుసనే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

ఇక మొన్నటి గురువారం. అంతకు వారం ముందే ట్రూడీ వచ్చి పిలిచింది. "ఇంటికి దూరంగా ఇది నా మొదటి థ్యాంక్స్‌గివింగ్, సర్. మీరు నలుగురూ తప్పకుండా రావాలి. ఇక్కడ నావాళ్ళంటే మీరే." నలుగురూ అంటే నేను, నొరీన్, క్లెమ్, అతని భార్య బెరిల్. "నావాళ్ళు" అన్న మాట వినగానే క్లెమ్ తన ట్రక్కు చుట్టూ తిరిగి నాలుగు టైర్లనూ తన్ని చూశాడు.

బయట నలభై రెండు డిగ్రీలు. నెబ్రాస్కాలో ఆ పండగనాటికి చలి కాబట్టి పొద్దుటి నుంచీ ఓవెన్ వెలిగించి పెడతారట. ట్రూడీ ఇక్కడా అదే చేసింది. లోపల దూడంత టర్కీ కోడి, బయట మేము. ఎవరు ముందు ఉడుకుతారా అని పోటీ! చిలగడదుంపల మీద తెల్లటి బూరుగుదూది లాంటి మిఠాయి పరిచి కాల్చింది. మనం మాంసం పక్కన ఉప్పు చల్లుకుని తినే గుమ్మడికాయని పంచదార పోసి పాకం పట్టింది. బెరిల్ దాన్ని చూసి, "గుమ్మడికాయ ఏం పాపం చేసిందమ్మా" అనబోయి, అమ్మాయి మొహంలో వెలుగు చూసి, "ఎంత ఎర్రగా వచ్చిందో" అంది.

అందరం కూర్చున్నాం. నేను ఫోర్కు ఎత్తాను.

"ఒక్క నిమిషం సర్" అంది ట్రూడీ. "మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అందరం చేతులు పట్టుకోవాలి. ఈ ఏడాది ఎవరికి థ్యాంక్స్ చెప్పుకోవాలో ఒక్కొక్కరూ పైకి చెప్పాలి. ఆ తరవాతే తినడం."

చేతులు పట్టుకోవాలి! నా కుడిపక్కన నొరీన్. ఎడమపక్కన క్లెమ్. నేను క్లెమ్ చెయ్యి పట్టుకోవడం అది రెండోసారి. మొదటిసారి ట్రాక్టరు కింద నుంచి లాగడానికి.

ట్రూడీ మొదలుపెట్టింది. మా నలుగురికీ, ఊరికీ, పోస్టాఫీసు అమ్మాయికీ, తనని కరవకుండా వదిలేసిన ప్రతి కుక్కకీ పేరుపేరునా థ్యాంక్స్ చెప్పి ఏడ్చేసింది. తరువాత బెరిల్.

"క్లెమ్‌కి. ముప్పై అయిదేళ్ళ నుంచి పొద్దున్నే నాకు టీ పెట్టి తెస్తాడు. ఒక్కనాడూ వేడిగా ఉండదు. అయినా తెస్తాడు."

క్లెమ్ పైకి, ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాడు. అతని అరచెయ్యి నా చేతిలో చెమట్లు కక్కుతోంది. చివరికి, "మా కుక్కకి" అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు. "బెరిల్‌కి కూడా" అన్నాడు.

క్లెమ్ అన్నాడండీ ఆ మాట! గుంబరాలో నలభై ఏళ్ళుగా ఎండుతున్న బావిలో నీళ్ళు పడినట్టయింది. బెరిల్ గబగబా నాప్కిన్ వెతుక్కుంది.

నొరీన్ తల వంచుకుని తన కంచం వైపు చూస్తూ అంది.

"వాల్ కాలు అతుక్కుంది. దానికి."

ఇక మిగిలింది నేను. అందరూ నన్నే చూస్తున్నారు. ఇరవై రెండేళ్ళుగా ఈ పత్రికలో వారం వారం రాస్తున్నవాణ్ణి. రోడ్డు మీద ఒక్క గుంత గురించి మూడు వారాలు రాసినవాణ్ణి. మంత్రుల్ని ఉతికి ఆరేసినవాణ్ణి. నాకు మాటలకి కొదవా? నొరీన్ చెయ్యి నా చేతిలోనే ఉంది. ఆ చలికాలం పగుళ్ళు ఇంకా మానలేదు, నా వేళ్ళకి తెలుస్తున్నాయి. చెప్పాల్సింది గొంతు దాకా వచ్చింది. నోరు తెరిచాను.

"గ్రేవీ బాగున్నట్టుంది" అన్నాను.

క్లెమ్ ముందు నవ్వాడు. తరువాత బెరిల్ నవ్వింది. ట్రూడీ "థ్యాంక్యూ సర్" అని చప్పట్లు కొట్టింది, ఆవిడ నిజంగానే సంతోషించింది. నొరీన్ నా చెయ్యి వదిలి, గ్రేవీ గిన్నె నా వైపు జరిపింది.

అమెరికావాళ్ళది అతి అని మనం నవ్వుకుంటాం. పొట్టేలుకి కూడా ప్రశంసాపత్రం ఇస్తారని ఎగతాళి చేస్తాం. మనది మాటల పొదుపు, మనసులో ఉంటే చాలదా అని మీసం మెలేస్తాం. పెదవి దాటితే పృథివి దాటుతుందంటాం. నేనూ ఇన్నాళ్ళూ దాన్ని వినయం అనే అనుకున్నాను. మొన్న ఆ బల్ల దగ్గర తెలిసింది, అది వినయం కాదు, ఉత్త పిరికితనం. ట్యాంకు మీద నుంచి పడ్డప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

కాబట్టి ఆ పండగ మీద నా ఫిర్యాదు ఒక్కటే. అది ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఈసారి తప్పిపోయినవాడు ఇంకో ఏడాది ఆగాలి. అరవై ఏడేళ్ళవాడికి, అందులోనూ నిచ్చెనలెక్కే అలవాటున్నవాడికి, అన్ని రోజుల భరోసా ఏ ప్రభుత్వం ఇస్తుంది? అందుకని నా డిమాండుని సవరించుకుంటున్నాను. ప్రతి గురువారమూ పెట్టండి!

ఈ పత్రిక వచ్చేది కూడా గురువారమే. చట్టం వచ్చేదాకా ఆగకుండా నేనే మొదలుపెడుతున్నాను. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది కాబట్టి దీన్ని మొదటి నుంచీ టైపు చేసి ఆఫీసుకి పంపేది నొరీనే. అంటే మీ అందరికంటే ముందు చదివేది ఆవిడే. నొరీన్, మొన్న ఆ బల్ల దగ్గర నేను చెప్పాల్సింది ఇదీ:

(ఇక్కడ వాల్ పదకొండు వాక్యాలు రాశాడు. తీసేశాను. అవి నావి, నేనే ఉంచుకుంటున్నాను. మీకు కావాలంటే మీ ఇంట్లోవాళ్ళ చేత రాయించుకోండి. — నొరీన్)