వాలిన వంటగది

ఆ ఉదయం డోరీన్ వేసుకున్న పథకం చిన్నదే. తమ్ముడు క్లైవ్‌కి గుడ్లు, బేకన్ వేయించి పెట్టి, రెండో కప్పు టీ పోస్తూ, అమ్మ ఇంట్లో అతని సగం వాటా తనకు అమ్మమని అడగాలి. తన దగ్గరున్నది నలభై వేల పౌండ్లు. అమ్మ మంచం పట్టిన ఏళ్లన్నీ ఆమె ఆ ఇంట్లోనే గడిపింది. వేరే గూడు లేదు. ఇద్దరిలో ఎవరు రెండోవాళ్లకు ఎక్కువ ఇస్తే ఇల్లు వాళ్లదేనని అమ్మ వీలునామాలో రాసిపోయింది.

ఆమె నలభై వేలని అడగగానే, క్లైవ్ ముద్ద మింగకముందే ఫోన్‌లో ఇళ్ల ధరలు చెప్పే యాప్ తెరిచి వీధి పేరు, ఇంటి నంబరు కొట్టాడు. ధర వెంటనే ప్రత్యక్షమైంది.

"లక్షా అరవై వేలు! నా సగం ఎనభై. నలభైకే కొట్టేద్దామనుకున్నావా అక్కా?"

"పక్కింటివాళ్లు అద్దాల వంటగది కట్టించి అమ్మారు కదరా, దాన్ని చూసి చెబుతోంది. మన వంటగది వాలిపోతోంది. బల్ల కాలి కింద చూడు."

అక్కడ బీరుగ్లాసుల కింద పెట్టే అట్టలు నాలుగున్నాయి. నాన్న ఉన్నప్పుడు ఒకటే ఉండేది.

"నిన్న రాత్రి పెట్టుంటావు," అన్నాడు క్లైవ్.

డోరీన్ గోడలో బీట చూపించింది. బేరం కోసమే అనుకున్నాడతను. ఆమె ఇళ్ల ఏజెంటును పిలిపించింది. "వీధిలో ధరలు ఎలా ఉన్నాయో ఆ అంకె బాగానే చెబుతుందండీ. కానీ అది మీ ఇంట్లో అడుగు పెట్టలేదు కదా. నేల పరీక్ష చేయించుకోండి," అన్నాడాయన.

"ఇతన్ని కూడా బుట్టలో వేసుకున్నావా?" అని మండిపడ్డాడు క్లైవ్. "ఇల్లు అంత పాడైపోతే నాకే అమ్మెయ్!"

పింఛను సొమ్మూ, సెలవుల్లో తిరిగే కారవాన్ బండి అమ్మగా వచ్చిందీ పోగేసి ఆమెకు ఎనభై వేలు ఇచ్చాడు. ఇంగ్లండ్‌లో వాళ్లుండే డరమ్ వైపు బొగ్గుగనుల ఊళ్లలో ఇల్లు కొనేవాళ్లు కింద పాత సొరంగాలున్నాయేమో చూపించుకుంటారు. లాయరు అదే గుర్తుచేస్తే, "పుట్టిన ఇంటికి పరీక్షేమిటి?" అని ఫీజు మిగుల్చుకున్నాడు. డోరీన్ బల్లతో సహా వీధి చివర చేపల వేపుళ్ల దుకాణం మీది అద్దెగదికి చేరింది. పొద్దున లేచి, అలవాటు కొద్దీ, అమ్మకు మందులివ్వాలనుకునేది.

క్లైవ్ కూడా అద్దాల వంటగది మొదలుపెట్టాడు. పునాది తవ్విన వారానికే, పనివాళ్లు బయట టీ తాగుతుండగా, వంటగది మొత్తం పాత సొరంగంలోకి దిగిపోయింది. మున్సిపాలిటీవాళ్లు చుట్టూ కంచె వేశారు. మిగిలింది కూల్చేస్తామన్నారు, అమ్మ గదితో సహా. పరీక్ష లేదు కనుక బీమావాళ్లు చేతులెత్తేశారు.

సూట్‌కేసుతో వచ్చిన తమ్ముణ్ణి డోరీన్ లోపలికి రమ్మంది. ఇక్కడ బల్ల అట్టలు లేకుండానే తిన్నగా నిలబడింది. క్లైవ్ ఫోన్ మోగింది. వంటగది గురించి అతను ముందే నింపి పెట్టిన వివరాలు చూసుకుని ఆ ధరల యాప్ ఇంటి ధర పెంచిందట.

"లక్షా తొంభై అక్కా," అన్నాడు ఏడుపు గొంతుతో. "ఇంకేమైనా మార్పులుంటే చెప్పమంటోంది."

"అంతస్తు ఒకటి పెరిగిందని రాయి," అంది డోరీన్ టీ పోస్తూ. "కిందికి."