ఇసబెల్లమ్మకు పట్టిన నోటీసు యోగం

అయ్యలారా, అమ్మలారా! బతికుండగా ఒక్కసారైనా సర్కారు మిమ్మల్ని పట్టించుకోవాలని ఉందా? మీ వీధి దీపం వెలగాలని, మోరీ కదలాలని, ఒక ఆఫీసరు కారేసుకొచ్చి మీ మంచిచెడ్డలు కనుక్కోవాలని ఉందా? అయితే దేశం వదిలి పొమ్మని ఒక నోటీసు తెప్పించుకోండి. అంతకు మించిన వైభోగం ఈ కోలారు జిల్లాలో ఇంకొకటి లేదు!

నవ్వకండి. బంగారు గనులు మూసేసిన నాటి నుంచి మనం ఉన్నామా, ఊడామా అని అడిగిన నాథుడున్నాడా? మారికుప్పం ఇసబెల్లమ్మను మాత్రం అడిగారు. ముద్ర వేసి మరీ అడిగారు.

ఇసబెల్లమ్మ టైలరు. గని కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన వరుస ఇళ్ళలో, లైన్లంటాం వాటిని, బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ యాభై ఏళ్ళు దాటించింది. ఆ లైన్లలో ఆమె సూది తగలని నిక్కరు లేదు. చర్చి వాళ్ళంతా జెరూసలేము యాత్రకు పోతుంటే తానూ పోదామని పాస్‌పోర్టుకు పెట్టుకుంది. పుట్టిన ఊరు అన్న చోట, ప్రభువు చూస్తున్నాడు కదా అని, ఉన్నదున్నట్టు మలేసియా అని రాసింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. జెరూసలేము సంగతి తర్వాత, ముందు మలేసియా చూపిస్తామన్నారు!

నిజమే, ఆమె పుట్టింది అక్కడే. రబ్బరు తోటల్లో పనికి పోయిన తెలుగువాళ్ళ బిడ్డ. అమ్మానాన్నా పోతే, ఇక్కడున్న పెద్దమ్మ నాన్సమ్మ వెళ్ళి మూడేళ్ళ పిల్లను చంకనేసుకుని ఓడెక్కింది. మద్రాసులో దిగి, రైలు మారి, మారికుప్పంలో దించింది. పిల్లకు అన్నం పెట్టాలని తెలిసింది గాని, కాగితం పెట్టాలని ఆ మహాతల్లికి తోచలేదు. ఎంత నేరం చూడండి!

ఇసబెల్లమ్మ ఆధారు చూపించింది, రేషను కార్డు చూపించింది. అవి నువ్వు ఇక్కడున్నావని చెబుతాయే గాని, ఇక్కడి దానివని చెప్పవన్నారు. మలేసియాలో ఆమెకు తెలిసిన మనిషి ఒక్కరు లేరు. ఇక్కడ, ముసలిదైపోయిన నాన్సమ్మకు ఆమె తప్ప గతి లేదు. "తెచ్చింది నేను గదప్పా. పంపితే నన్ను పంపండి," అందట నాన్సమ్మ నోటీసు తెచ్చిన కానిస్టేబులుతో. ఆయన పాపం, సంతకం పెట్టించుకుని, మజ్జిగ తాగి పోయాడు.

చర్చి వకీలు చేత ఇసబెల్లమ్మ అర్జీ పెట్టించింది. చిన్నప్పుడు పెద్దవాళ్ళు తెస్తే వచ్చాను, ఆనాటి నుంచీ ఇక్కడే ఉన్నాను, పంపించొద్దు అని. ఇక అక్కడి నుంచి చూడండి ఆమె రాజభోగం!

వారం వారం కానిస్టేబులు వచ్చి, "ఉండావా అమ్మా?" అని అడిగి పోతాడు. ఈ రోజుల్లో కడుపున పుట్టినవాళ్ళెవరు అడుగుతున్నారండీ అట్లా? మనం ఊరు దాటితే వీధి కుక్క కూడా తలెత్తి చూడదు. ఇసబెల్లమ్మ బూదికోటలో పెళ్ళికి పోవాలంటే ముందుగా స్టేషనులో చెప్పాలి. లేకపోతే ఆమె కనబడక సర్కారు బెంగపెట్టుకుంటుంది! ఇక ఆఫీసరు విచారణకు వస్తున్నాడని తెలిసిన రోజు, ఏళ్ళ తరబడి మిణుకుమన్న పాపాన పోని వీధి దీపం పట్టపగలే వెలిగింది. మోరీలో నీళ్ళు పారాయి. బ్లీచింగు పొడి ఎంత చల్లారంటే, మంచు పడిందనుకుని మేకలు వణికాయి.

అసూయ పుట్టదా మరి? పక్కింటి ఆంజినప్ప, గనిలో పనిచేసి రిటైరైనవాడు, మూడు రోజులు అన్నం సయించక చివరికి గడపలోకొచ్చి నిలబడ్డాడు.

"మా తాత చిత్తూరు తట్టు నుంచి వచ్చినోడే గదమ్మా. నాకూ ఒక నోటీసు ఇప్పించు. మలేసియా అంత దూరం వద్దు. చిత్తూరుకు పొమ్మంటే చాలు."

"నాదే తీసుకోన్నా," అంది ఇసబెల్లమ్మ, దారం పంటితో కొరికి. "కొసరుకు పెద్దమ్మను కూడా ఇస్తా."

అంది గాని, ఆ రాత్రుళ్ళు ఆమె కుట్టిన యూనిఫారాల్లో రెండు కాళ్ళూ ఒకే గొట్టంలోకి పోయే నిక్కర్లు నాలుగైనా ఉంటాయి. చేయి మిషను మీద, మనసు నాన్సమ్మ మీద.

విచారణ రోజు రానే వచ్చింది. ఆఫీసరు ధారవాడ తట్టు మనిషి, ఈ జిల్లాకు వచ్చి నెల కాలేదు. బంధువుల సాక్ష్యం చెల్లదు, బయటివాళ్ళు చెప్పాలన్నాడు. అడగాలా మన లైన్లలో! ఇల్లు నిండిపోయి కిటికీల్లో కూడా సాక్షులే. రైలు దిగినప్పుడు ఎర్ర గౌను వేసుకుందని ఆంజినప్ప ప్రమాణం చేశాడు. కాదు, పసుపు గౌనని వెనకింటి రామక్క కోప్పడింది. పిల్లను స్టేషను నుంచి భుజాన మోసుకొచ్చింది తానేనని ఒకాయన ముందుకొచ్చాడు. ఆయన ఇసబెల్లమ్మ కంటే ఏడాది చిన్న! ఇంకొక పెద్దమనిషి మద్రాసు ఎందుకు మధ్యలో అని, ఓడను నేరుగా బేతమంగళం చెరువు దాకా తెచ్చేశాడు.

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. ఇంతమంది చూశారు గాని ఏ ఇద్దరూ ఒకే పిల్లను చూడలేదు, అంటే అసలెవరూ చూడలేదనే రాసుకోవాల్సి వస్తుందన్నాడు. అలా రాస్తే అర్జీ కొట్టేసినట్టే. మేలు చేయబోయి కీడు చేశామని ఆంజినప్ప తల వంచుకున్నాడు.

అప్పుడు ఇసబెల్లమ్మ నోరు విప్పింది.

"నాకేం తెల్దు సార్. ఓడ గుర్తు లేదు, రైలు గుర్తు లేదు. గౌను అసలుకే లేదేమో. గుర్తుండేదంతా ఈడిదే. ఇంగ నేను..."

మాట మధ్యలో ఆగిపోయింది. లేచింది. ఆఫీసరు కాఫీ మీద సాసరు బోర్లించింది. కూర గిన్నెకు మూత వేసి, తలుపు సగం మూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆఫీసరు అదిరిపడ్డాడు. లంచమేమైనా ఇవ్వబోతుందేమోనని, ఇదంతా ఏమిటని గట్టిగా అడగడానికి నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే గాలి లేచింది.

మన సైనైడు దిబ్బల సంగతి మీకు చెప్పాలా? బంగారం పిండుకున్నాక పారబోసిన మన్ను అది, గుట్టలు గుట్టలుగా లైన్ల నెత్తిన కూర్చునుంటుంది. ఆషాఢం గాలికి ఇళ్ళన్నీ చుట్టబెట్టి పలకరించి పోతుంది. తలుపు సందులోంచి దూరిన ఆ దుమ్ములో గది తెల్లగా అయిపోయింది. ఆంజినప్ప మొహానికి టవలు, రామక్క నోటికి కొంగు, కిటికీ సాక్షులందరి ముక్కులకూ చేతులు. గురకపెడుతున్న నాన్సమ్మ కూడా మేలుకోకుండానే దుప్పటి మొహం మీదికి లాక్కుంది. నోరు తెరుచుకుని నిలబడింది ఒక్క ఆఫీసరే.

ఆ గదిలో విదేశీయుడెవరో ఆ క్షణాన తేలిపోయింది!

దగ్గు తగ్గాక ఆయన సాసరు తీసి చూసుకున్నాడు. కాఫీ శుభ్రంగా ఉంది. తాగాడు. గాలి రాకముందే ఎట్లా తెలిసిందమ్మా అని అడిగాడు.

"నాలిక మీద పుల్లగా తగుల్తాది సార్, ముందే."

"ఎప్పటి నుంచి?"

"పాలపళ్ళప్పటి నించి."

ఆయన సాక్షుల గౌన్లన్నీ కొట్టేశాడు. ఓడను కూడా చెరువులోంచి తీసేశాడు. ఆ మాట ఒక్కటే రాసుకుని, కళ్ళు తుడుచుకుంటూ కారెక్కాడు. ఆ కళ్ళనీళ్ళు జాలితో వచ్చినవని ఆంజినప్ప ఇప్పటికీ చెబుతాడు. దుమ్ము చలవ అని మనకు తెలుసు.

కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఇసబెల్లమ్మను పంపనక్కర్లేదు, ఇక్కడే ఉండవచ్చు. లైనంతా కేకు తిన్నారు. నాన్సమ్మకు రెండు ముక్కలు.

మరుసటి వారం కానిస్టేబులు రాలేదు. ఆ తర్వాత వీధి దీపం ఆరిపోయింది. మోరీ మళ్ళీ పాత తపస్సులోకి వెళ్ళిపోయింది. చీకట్లో నాన్సమ్మ గడప తట్టుకుని పడబోయిందని, ఇసబెల్లమ్మ దీపం సంగతి చెప్పడానికి మునిసిపల్ ఆఫీసుకు పోయింది. అక్కడి గుమాస్తా ఆమెను చూసి కూర్చోమని గబగబా కుర్చీ ముందుకు లాగాడు.

"నువ్వే గదమ్మా ఆ మలేసియా ఆమె?"

"ఇంగ కాదప్పా. ఈడిదాన్నే అని ఆర్డరు వచ్చిండాది."

గుమాస్తా కుర్చీని మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

"అట్లనా? అయితే రేపు రామ్మా."

చీకటి పడ్డాక ఇసబెల్లమ్మ గోడ తడుముకుంటూ లైన్లోకి వచ్చింది. తన గడపలో కూర్చున్న ఆంజినప్ప, పని అయిందా అని అడిగాడు.

"రేపు రమ్మన్నారన్నా."

ఆంజినప్ప ముఖం చీకట్లో కూడా వెలిగిపోయింది.

"అయితే ఆ ఆర్డరు నిజమైందేనమ్మా. ఇంగ నువ్వు మనదానివే!"