ఆటలు ఆడనివ్వని కార్డు

గేమింగ్ కార్డుకు నాలుగింతలు పోసి ప్రొఫెషనల్ గ్రాఫిక్స్ కార్డు కొనని మనిషి సంసారానికి పనికిరాడు. కోప్పడకండి, ఆలోచించండి!

తెరమీద బొమ్మలు నడిపించే గేమింగ్ కార్డు డబ్బా చూశారా? దాని మీద కత్తి పట్టుకున్న రాక్షసి బొమ్మ. అలాంటిది కంప్యూటర్లో పెట్టుకుని ఇంటి ప్లాన్ గీస్తే ఆ ఇంట్లో కాపురం నిలుస్తుందా? ప్రొఫెషనల్ కార్డు డబ్బా మీద ఏ బొమ్మా ఉండదు. తాలూకాఫీసు కవరులా గంభీరంగా ఉంటుంది. లోపలి చిప్పు రెండింటికీ దాదాపు ఒకటేనంటారు గిట్టనివాళ్లు. అయితే ఏం? గంభీరానికి విలువ ఉండదా?

కర్నూల్లో ఇళ్ల ప్లాన్లు గీసే వేణుగోపాల్ ఈ సత్యాన్ని 2007లోనే గ్రహించాడు. ఆయన ఆఫీసులో డ్రాయింగులు చేసేది బామ్మర్ది కిరణ్‌కుమార్. డ్రాయింగు గంటసేపు, తుపాకుల ఆట ఏడు గంటలు. మందలిద్దామంటే అతను భార్య శ్రీదేవికి ఒక్కగానొక్క తమ్ముడు. బామ్మర్దిని ఒక్క మాట అంటే ఇంట్లో ఎన్ని మాటలు పడాలో పెళ్లయినవాళ్లకు నేను చెప్పాలా?

ప్రొఫెషనల్ కార్డు ఆటల కోసం చేసింది కాదని హైదరాబాదు షాపతను చెప్పాడు. అంటే దీనిమీద ఆటలు నడవవన్నమాట అనుకుని వేణుగోపాల్ అక్కడికక్కడే కొనేశాడు. పసుపు కుంకుమ పెట్టి మరీ బిగించాడు. ఎవరినీ నొప్పించకుండా బామ్మర్దిని దారిలో పెట్టే వస్తువు! ఇంతకన్నా వరం ఏముంటుంది?

ఆఫీసుకు ప్లాన్ పని ఇచ్చిన హనుమన్న ఇంటికి గురువారం శంకుస్థాపన. ఇల్లు ఎలా ఉండబోతోందో బొమ్మలో చూసుకుందామని ఆయన బుధవారం డోన్ నుంచి బస్సెక్కి వచ్చాడు. కిరణ్‌కుమార్ ముందున్న తెరమీద కాలిపోతున్న కోట ఒకటి కనబడింది. దాన్ని చాలాసేపు శ్రద్ధగా చూశాడు.

"దీంట్లో నా ఇల్లు యాడుండాదప్పా?"

ఇంకా మొదలే పెట్టలేదని తెలిశాక కొలతల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఎదురుగా ఉన్న ఇంకో ఆఫీసుకు పోయాడు. ఆ నెలలో అలా పోయినవాళ్లలో ఆయన మూడోవాడు. ఇలాగే సాగితే ఆఫీసుకు తాళం వేయాల్సిందే. వేణుగోపాల్ బామ్మర్ది కుర్చీ దగ్గరికి వెళ్లాడు.

"కొత్త కార్డు శానా బాగుండాది బావా," అన్నాడు కిరణ్‌కుమార్ మనస్ఫూర్తిగా. "పాతదాంట్లో తుపాకి ఆగి ఆగి పేలేది."

వేణుగోపాల్ వరండాలోకి వచ్చి, గొంతు తగ్గించి, హైదరాబాదు షాపుకు ఫోన్ చేశాడు.

"దీనికన్నా ఖరీదైంది ఉంటే పంపప్పా. ఆట ఆపమని వానికి చెప్పడం నాతో అయ్యేది కాదు."