లాంప్రే పులుసులో మహా సంవత్సరం

ఆ పొద్దున ఫిర్మాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పీపాల్లోంచి కొత్త వైను తీయాలి, పాళ్లు చూసి కలపాలి, సీసాలో పోయాలి, విమర్శకుడు వచ్చేదాకా ఇంకేమీ ముట్టుకోకుండా కూర్చోవాలి. ఈ చివరి పనిలో తన భర్తను మించినవాడు బోర్డో పక్కనున్న ఆ మెదోక్ ద్రాక్షసీమ అంతటా లేడని ఒడిల్ నమ్మకం.

ఏప్రిల్ వచ్చిందంటే బోర్డో చుట్టుపక్కల తోటల వాళ్లందరికీ పరీక్షల కాలమే. నిరుడు కోసిన ద్రాక్ష ఇంకా పీపాల్లో వైనుగా మారి నిద్రపోతూ ఉంటుంది. సీసాల్లోకి ఎక్కడానికే మరో ఏడాది పడుతుంది. అయినా విమర్శకులు ఊళ్ల మీద పడి, ఆ పసి వైనును పుక్కిలించి, బకెట్లో ఉమ్మి, ఇరవై ఏళ్ల తర్వాత అది ఎంతటిదవుతుందో మార్కులేసి చెబుతారు. ఉయ్యాల్లో పిల్లను చూసి జాతకం చెప్పినట్టే. జాతకం తప్పిందని నిలదీయడానికి ఇరవై ఏళ్లు ఆగాలి కనుక, ఆ వృత్తిలో పరువు పోగొట్టుకున్నవాళ్లు తక్కువ.

వాళ్లందరిలో పెద్ద తలకాయ పెల్లెరాన్. మూడేళ్ల కిందట ఫిర్మాన్ వైను గురించి ఆయన రాసింది ఒకే ఒక్క మాట: "ఎర్రగా ఉంది." ఆ తర్వాత రెండేళ్లూ ఆ మాత్రం కూడా రాయలేదు. పెల్లెరాన్ పేరెత్తని వైనును వర్తకులు కన్నెత్తి చూడరు. ఫిర్మాన్ తాత నాటిన తోటను కొనేయాలని పక్కనున్న పెద్ద ఎస్టేటు యజమాని గోతికాడ నక్కలా కాచుకుని ఉన్నాడు.

"ఈసారి కూడా ఆ మహానుభావుడు మంచిమాట రాయకపోతే తోట అమ్మేద్దాం. ఆర్కషాన్‌లో మా చెల్లి పక్కన ఇల్లు తీసుకుని సముద్రం చూస్తూ కూర్చుందాం," అని ఒడిల్ తేల్చి చెప్పింది. ఫిర్మాన్ సరేనన్నాడు. అన్నాడు గానీ, అప్పటినుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. సముద్రాన్ని చూస్తూ కూర్చోవడం అతనికి చేతకాక కాదు. ఈ ఏడాది వైను తన జన్మలో ఒక్కసారే వచ్చేదని, తోటల వాళ్లు "మహా సంవత్సరం" అనేది ఇలాంటి పంటనేనని అతనికి తెలుసు. పీపా మూత తీసినప్పుడల్లా తడిసిన మన్నులోంచి ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టు ఉండేది.

కలిపిన వైను చల్లగా ఉంది. చలి వదిలితేనే ఆ వైను నోరు విప్పుతుందని, సీసాను వంటింట్లో పొయ్యి పక్కన పెట్టి, పీపాల కొట్టుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఏటి గట్టుకు నడిచాడు ఫిర్మాన్. జిరోన్ద్ నది మీద పొగమంచు పాలలా పేరుకుని ఉంది. అవతలి గట్టు లేదు, పడవలు లేవు, తన కాళ్లు కూడా సగమే ఉన్నాయి. ఆ తెల్లదనంలో పెల్లెరాన్ రాయబోయే వాక్యాలు ఒకదాని వెనక ఒకటి తేలుతూ వచ్చాయి. ఫిర్మాన్ వాటిలో రెండు మూడు మాటలు సవరించాడు కూడా.

వంటింట్లో అతని అత్తగారు సెలెస్తిన్ విమర్శకుడి భోజనానికి లాంప్రే పులుసు పొయ్యి మీదికి ఎక్కించి ఉంది. పాములాంటి ఆ ఏటి చేప దాని నెత్తురులోనే, ఎర్ర వైనుతో, లావుపాటి ఉల్లికాడలతో పూటంతా ఉడకాలి. పొయ్యి పక్కన పేరు లేని ఎర్ర వైను సీసా కనబడింది. కూతురికి ఇన్నాళ్లకు బుద్ధి వచ్చి వంటకు అన్నీ చేతికందేలా పెట్టిందనుకుని, సంతోషంగా మొత్తం గిన్నెలోకి ఒంపేసింది.

"అమ్మా, ఈ సీసాలో వైనేదే?" అంది లోపలికి వచ్చిన ఒడిల్.

"పులుసులో ఉంది. ఇంకెక్కడుంటుంది?"

"అయ్యో! అది విమర్శకుడి కోసమే!"

"ఆయనేగా పులుసు తినేది. అటు తిరిగి ఇటు తిరిగి ఆయన కడుపులోకే పోతుంది."

"ఆయన మింగడమ్మా, ఉమ్మేస్తాడు!"

"నా పులుసు ఉమ్మితే ఊరుకుంటానా?"

ఒడిల్ గేటు దాకా పరుగెత్తి మొగుణ్ణి కేకేసింది. పొగమంచు పలకలేదు. కొట్టు తాళంచెవి ఆ పొగమంచులో ఎక్కడో ఒక జేబులో ఉంది. ఇక గత్యంతరం లేక, మెట్ల కింద ఉన్న పెద్ద గాజుబుడ్డిలోంచి సీసాలో సగం దాకా పోసింది. అది పిప్పి పిండగా వచ్చిన వైను, కోతల కాలంలో కూలీల భోజనాలకు పోసేది. ఏ ఏడాదిదో దానికే తెలియదు. రంగు మరీ పలచగా కనబడింది. విమర్శకులు బోర్డో వైనులో బ్లాక్‌కరెంట్ అనే నల్లని పుల్లపండు వాసన కోసం వెతుకుతారని గుర్తొచ్చి, ఎందుకైనా మంచిదని రెండు గరిటెల బ్లాక్‌కరెంట్ షర్బత్తు పోసి, కంగారుగా గౌను మార్చుకోవడానికి వెళ్లింది.

ఆమె అటు వెళ్లగానే సెలెస్తిన్ సీసాలోంచి ఒక చుక్క వేలి మీద వేసుకుని నాకింది. బెల్లం పాకంలా ఉంది. వగరు లేని వైనుకు మార్కులు పడవని అల్లుడు ఇరవై ఏళ్లుగా తన చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాడు. తన వల్ల జరిగిన తప్పును తనే దిద్దాలనుకుంది ఆ మహాతల్లి. పొద్దుట తాగగా మిగిలిన చల్లారిన టీ డికాక్షన్ ఒక కప్పు ఉంటే, దాన్ని సీసాలో మెడ దాకా నింపి, బిరడా కొట్టి, చేతులు తుడుచుకుంది.

ఫిర్మాన్ గట్టు దిగి వచ్చేసరికి పెల్లెరాన్ కారు వాకిట్లో ఆగింది. ఫిర్మాన్ సీసా అందుకున్నాడు. సగానికి కాస్త పైదాకే పోసినట్టు గుర్తు. వెచ్చదనానికి పొంగిందేమో అనుకున్నాడు. ఆ పొద్దున అతనికి ప్రపంచంలో అన్నీ పొంగుతున్నట్టే ఉన్నాయి.

"ఏమయ్యా, ఒక్క నిమిషం ఇలా రా," అంది ఒడిల్ అతని చొక్కా పట్టుకుని.

"తర్వాత చెబుదువులే."

"తర్వాతైతే ఏడుస్తావు."

"తెలుసు, నాకూ ఆనందం ఆగట్లేదు," అని చొక్కా విడిపించుకుని వెళ్లిపోయాడు.

పెల్లెరాన్ సన్నగా, పొడుగ్గా, ఎండు ద్రాక్షతీగలా ఉన్నాడు. గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు. వాసన చూశాడు. మళ్లీ చూశాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు పుక్కిలించి, దూరంగా ఉన్న బకెట్లోకి గురి తప్పకుండా ఉమ్మాడు. ఫిర్మాన్ తన గ్లాసును చేత్తో పట్టుకున్నాడే గాని పెదాలకు ఆనించలేదు. ఆయన మొహం చూస్తూ ఉండిపోయాడు.

"బ్లాక్‌కరెంట్," అన్నాడు పెల్లెరాన్.

"అవునండీ!"

"ఆ తర్వాత, ఇంకా బ్లాక్‌కరెంట్."

"మా నేల అలాంటిదండీ."

"చివర్లో మాత్రం..." పెల్లెరాన్ నుదురు చిట్లించాడు. "చివర్లో నాకు పొద్దుటి ఫలహారం గుర్తొస్తోంది."

ఫిర్మాన్ ఒళ్లు పులకరించింది. తొలి వెలుగు, మంచు తడి, ఏటి గట్టు, అన్నీ ఆయన నాలుకకు తెలిసిపోయాయనుకున్నాడు. పెన్సిలు కాగితం మీద కొద్దిగా కదిలి ఆగిపోవడం చూసి, గొప్పవాళ్లు తక్కువ మాటల్లో రాస్తారని సరిపెట్టుకున్నాడు. తలుపు పక్కన నిలబడ్డ ఒడిల్ గబగబా భోజనానికి బల్ల సర్దేసింది.

భోజనాల దగ్గర పెల్లెరాన్ మర్యాద కోసం రెండు ముద్దలు తిని లేద్దామనే కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఫోర్కు కింద పెట్టేశాడు. కిటికీలోంచి మంచు విడిపోతున్న తోటవైపు చూశాడు. ఎవరో జోలపాట పాడుతుంటే వింటున్న పిల్లాడి మొహంలా ఉంది ఆయన మొహం.

"ఏ సంవత్సరం?" అని మెల్లగా అడిగాడు.

"చేపా? నిన్న పట్టిందే బాబూ," అంది సెలెస్తిన్.

"వైను."

"అదా? మా అల్లుడు పొయ్యి పక్కన పెట్టుకున్నది. తమరి కోసమేనట. నాకేం తెలుసు?"

"మరి నేను తాగింది?"

"అది కూలీల వైను," అంది ఒడిల్ నేల చూపులు చూస్తూ. "షర్బత్తు నేను కలిపాను."

"టీ నాది," అంది సెలెస్తిన్ కాస్త గర్వంగానే.

ఫిర్మాన్ గిన్నెలోకి తొంగిచూశాడు. తన తాత తోట, తన మహా సంవత్సరం, పొగమంచులో సవరించుకున్న వాక్యాలు, అన్నీ ఉల్లికాడల మధ్య ఉడుకుతున్నాయి. పెల్లెరాన్ కోపగించుకుంటాడని అందరూ ఎదురుచూశారు. ఆయన గిన్నె తనవైపు లాక్కున్నాడు.

"జన్మంతా నేను చేసే పనేమిటో తెలుసా అయ్యా?" అన్నాడు ఫిర్మాన్‌తో. "పసి వైనులో ముసలి వైనును ఊహించుకోవడం. పండు ఉందా, పులుపు ఉందా, వగరు ఉందా, ఒకదాన్నొకటి మోస్తున్నాయా, మింగాక ఎంతసేపు నిలుస్తుంది... పైకి ఎన్ని మాటలు చెప్పినా అంతా ఊహే. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందేమో గాని, మీ మెదోక్ వైను పుట్టగానే నోరు పట్టేస్తుంది. ఇరవై ఏళ్లు చేయాల్సిన పనిని ఈ అమ్మగారి గిన్నె ఒక్క పూటలో చేసింది. పొరపాటున నాకు భవిష్యత్తు వడ్డించారు. అద్భుతంగా ఉంది."

ఫిర్మాన్ కళ్లు నిండిపోయాయి. ఈ మాట కోసమే అతను ఇన్నేళ్లు బతికాడు. ఆ మాట వచ్చేసరికి వైను గిన్నెలో ఉంది. రొట్టె తుంచి పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నిజమే, అద్భుతంగా ఉంది. అది తన వైనేనని నాలుక ఒప్పుకుంటుంటే అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"అయితే రండి, కొట్టు తెరుస్తాను! పీపాలోంచి తీసి పోస్తాను!" అని జేబులు తడుముకున్నాడు.

పెల్లెరాన్ విచారంగా తలూపాడు. "ఈ పులుసు తిన్న నాలుక మీద ఇవాళ ఇంకే వైనూ నిలవదు. రేపు ఇంకో ఊరు. మా వృత్తిలో ఒకటే ధర్మం, అయ్యా. నా ముందు గ్లాసులో పోసిందేదో దానికే నేను మార్కులు వేయాలి."

"కానీ మీకు నిజం తెలుసు గదండీ!"

"తెలుసు. అందుకే ఇంకో ముద్ద పెట్టమంటున్నాను."

ధర్మం తప్పని మనిషి కనుక పెల్లెరాన్ అచ్చంగా అలాగే రాశాడు. ఫిర్మాన్ వైనుకు ఇరవైకి ఏడు మార్కులు, పక్కన "ఫలహారానికి పనికొస్తుంది" అన్న మాట. ఒడిల్ ఆ పత్రిక చదివి ఆర్కషాన్‌లో చెల్లెలికి ఫోన్ చేయబోయింది. అప్పుడు సెలెస్తిన్ పేజీ తిప్పింది. వెనక పేజీ నిండా పైనుంచి కిందిదాకా లాంప్రే పులుసు. ఇరవైకి ఇరవై.

ఆ ఆదివారమే వాకిట్లో కార్లు బారులు తీరాయి. బోర్డో వర్తకులు, పారిస్ వంటవాళ్లు, ఇంతకాలం ఫిర్మాన్ నమస్కారానికి బదులివ్వని మనుషులు, అందరూ గిన్నె కోసమే వచ్చారు. తోట కొనడానికి కాగితాలు పట్టుకుని వచ్చిన పక్క ఎస్టేటు యజమాని పులుసు ముందు కూర్చుని, కాగితాల మీద గిన్నె పెట్టుకుని తిని, మళ్లీ వారం బల్ల అట్టిపెట్టమని చెప్పి వెళ్లాడు. తోట అమ్మే మాట ఒడిల్ మళ్లీ ఎత్తలేదు. పులుసుకు ఇంకే వైను పోసినా ఆ రుచి రాలేదు కనుక, ఫిర్మాన్ రోజూ తెల్లవారుజామున పీపా మూత తీసి, ఆ వాసన ఒక్కసారి గుండెల నిండా పీల్చుకుని, బిందెతో వంటింటికి మోసేవాడు.

"అత్తయ్యా, ఒక్క పీపా నాకు వదిలెయ్యండి. ఇరవై ఏళ్లు దాచుకుంటాను," అని ఒకసారి బతిమాలాడు.

"ఇరవై ఏళ్లు దేనికి అల్లుడూ? మధ్యాహ్నానికల్లా తయారుచేసి పెడతానుగా," అందామె బిందె అందుకుంటూ.

ఆ ఏడాది ఫిర్మాన్ వైను ఎలా ఉండేదని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ ఎవరిని అడిగినా, ఉప్పు సరిగ్గా సరిపోయిందనే చెబుతారు.