ఎం.డి. గారి మణికట్టు ఎత్తు

ఆ శనివారం ఉదయం స్టోర్స్ మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి బజారుకెళ్లాలి, గోల్ఫ్ ఆడే కర్రలు ఒక సంచీ నిండా కొనుక్కోవాలి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చెయ్యాలి. ఆయన గోల్ఫ్ బంతిని ముట్టుకున్నది జన్మలో ఒకేసారి, అదీ ఎవరో మెట్ల మీద వదిలేస్తే కాలు జారకుండా తీసి పక్కన పెట్టడానికి. కానీ ముందురోజు లిఫ్టులో ఎం.డి. "మీరు గోల్ఫ్ ఆడతారా?" అని అడిగేసరికి, ఆయన నోరు ఆయన అనుమతి లేకుండానే "అప్పుడప్పుడూ సార్" అనేసింది. "అయితే ఈ ఆదివారం కాదు, పై ఆదివారం రండి. మీ కర్రలు మీరే తెచ్చుకోండి" అని ఎం.డి. తన అంతస్తులో దిగిపోయాడు.

అప్పటికి జనరల్ మేనేజరు కుర్చీ ఖాళీగా ఉంది. స్టోర్స్ మేనేజరు ఆ కుర్చీని ఎంతగా కోరుకున్నాడంటే, ఆ గది ముందు నుంచి వెళ్లేటప్పుడు లోపల ఎవరూ లేకపోయినా నమస్కారం పెట్టేవాడు. దానికి పోటీ అకౌంట్స్ మేనేజరు ఒక్కడే. అతనికి లెక్కలు తప్ప మరో లోకం లేదు, నవ్వడం అసలే రాదు. అలాంటివాడిని గోల్ఫ్‌కి ఎవరు పిలుస్తారు?

ఆ కుర్చీ ఎలా ఖాళీ అయిందో కూడా చెప్పాలి. ఆ కంపెనీలో ఎవరినీ ఉద్యోగంలోంచి తీసెయ్యరు. అది అనాగరికమని ఎం.డి. అభిప్రాయం. ఎవరు వద్దనుకుంటే వారికి ఆయన మంచి సూటు కుట్టించి ఇస్తాడు. ఒకరోజు దర్జీ గదిలోకొచ్చి నడుమూ భుజాలూ కొలుస్తాడు. కొలిపించుకున్నవాడికి సంగతి అర్థమవుతుంది. మర్యాదగా రాజీనామా రాసిచ్చి, కొత్త సూటులో ఫొటో దిగి వెళ్లిపోతాడు. పాత జనరల్ మేనేజరు బూడిదరంగు సూటులో వెళ్లాడు. సూటు బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు.

"కూరగాయల సంచీ ఎత్తితే మీకు నడుం పట్టేస్తుంది కదా, ఈ సంచీ ఎత్తితే పట్టదా?" అంది భార్య కాఫీ గ్లాసు తీసుకుంటూ.

"అది వేరు, ఇది వేరు."

"అవును, అది తెస్తే ఇంట్లోవాళ్లు తింటారు."

బజారుకి బావమరిది కూడా బయల్దేరాడు. అతను ఏ పనీ చెయ్యడు కాబట్టి అన్ని పనుల గురించీ సలహా ఇవ్వగలడు. అక్క ఇంట్లో కొన్నాళ్లు ఉండిపోదామని వచ్చి, ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో ఎవరూ అడగనంత కాలంగా ఉంటున్నాడు.

దుకాణంలో ఉన్నావిడ స్టోర్స్ మేనేజరు చేత ముందు బూట్లు విప్పించింది. ఎత్తు కొలిచింది. చేతులు కిందికి వేలాడేసి నిలబడమని, మణికట్టు దగ్గర నుంచి నేల దాకా టేపు పట్టింది. అరచెయ్యి కొలిచింది. తర్వాత వల ముందు నిలబెట్టి బంతి కొట్టమంది. మొదటిసారి కర్ర బంతికి తగల్లేదు. రెండోసారి తగిలింది కానీ బంతికి ఆ విషయం తెలిసినట్టు లేదు. పక్కన ఉన్న యంత్రం ఏదో అంకె చూపించింది. ఆవిడ దాన్ని చూసి, ఆయన మొహం చూసి, లోపలి నుంచి ఒక కర్ర తెచ్చింది.

"మీరు ఊపే వేగం తక్కువండి. మీకు పొట్టివి, కాడ బాగా వంగేవి సరిపోతాయి. మీరు పెద్దగా కష్టపడక్కర్లేదు, బంతి దానంతటదే లేస్తుంది."

స్టోర్స్ మేనేజరు కర్రని తిప్పి చూశాడు. కాడ మీద 'లేడీస్' అని చీటీ ఉంది.

"ఇది ఆడవాళ్లది కదమ్మా."

"కాడకి మీరు ఆడో మగో తెలీదండి. ఎంత గట్టిగా ఊపుతారో అది ఒక్కటే తెలుస్తుంది."

బావమరిది ఆయన్ని మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "బావా, ఇది పట్టుకుని ఎం.డి. పక్కన నిలబడతావా? నా మాట విను. పెద్దవాళ్లు ఎవరిని పైకి తీసుకొస్తారు? తమలాగే ఉన్నవాళ్లని. ఆయన సంచీలో ఏ కర్రలున్నాయో నీ సంచీలోనూ అవే ఉండాలి. చూడగానే, వీడు నేనే అనుకోవాలి ఆయన."

ఎం.డి. ఆరడుగుల మనిషి. స్టోర్స్ మేనేజరు ఆయన భుజం దాకా వస్తాడు, అదీ ఆయన కాస్త వంగితే. అయినా ఆ సలహా మనసుకి నచ్చింది. ఆయనకి నచ్చిన సలహాలన్నీ అలాంటివే.

"మా ఎం.డి. గారి సైజువి చేసిస్తారా?" అని అడిగాడు ఆవిడని.

"ఆయన ఒళ్లు ఆయనది, మీ ఒళ్లు మీదండి. చెప్పులు కూడా ఆయన సైజే వేసుకుంటారా?"

స్టోర్స్ మేనేజరు విప్పిన తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఎం.డి. ఇస్తే వేసుకునేవాడే.

"సరే, మీ ఇష్టం" అంది ఆవిడ. "ఆయన ఎత్తు, మణికట్టు నుంచి నేలకి ఎంతో, అరచెయ్యి ఎంతో కొలిచి తెండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కొలతకి చేశాక వెనక్కి తీసుకోం."

సోమవారం ఆయన భార్య కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి జేబులో వేసుకున్నాడు. "పులిని చూసి నక్క వాత పెట్టుకుందట" అంది భార్య, మిషను మీంచి తలెత్తకుండా. ఆయన వినిపించుకోలేదు.

ఎత్తు సులువుగానే దొరికింది. ఎం.డి. గదిలోకి వెళ్తున్నప్పుడు ఆయన తల తలుపు మీది ఇత్తడి పలకకి ఎంత వరకు వచ్చిందో చూసుకుని, తర్వాత పలకని కొలిచాడు. అరచెయ్యి కోసం కరచాలనం చేశాడు. చేసి వదల్లేదు. కళ్లు సగం మూసుకుని, పెదాలు కదుపుతూ, వేలికి వేలు ఆనించి తన చేతితో పోల్చి చూసుకున్నాడు. రెప్ప వెయ్యకుండా లెక్కపెట్టడంతో కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"ఏంటండీ?" అన్నాడు ఎం.డి. చెయ్యి లాక్కుంటూ.

"ఏం లేదు సార్. ఊరికే."

మిగిలింది మణికట్టు. మధ్యాహ్నం ఎం.డి. నడవాలో కిటికీ దగ్గర నిలబడి ఫోను మాట్లాడుతున్నాడు. ఒక చెయ్యి చెవి దగ్గరుంది, రెండోది కిందికి వేలాడుతోంది. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదని స్టోర్స్ మేనేజరు వెనక నుంచి పిల్లిలా వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, టేపు ఒక కొస తివాచీకి ఆనించి రెండో కొస పైకి లాగాడు. కొలత దొరికింది. తలెత్తేసరికి ఎదురుగా ఎం.డి. పి.ఏ. నిలబడి ఉంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆఫీసులో అందరూ ఆవిడని చాటుగా టముకు అంటారు.

"ఏం చేస్తున్నారండీ?" అంది గుసగుసగా.

పెన్ను పడిపోయిందనొచ్చు. బూటు తాడు కట్టుకుంటున్నాననొచ్చు. కానీ చేతిలో టేపు ఉంది, టేపుకి తగిన అబద్ధం ఆయనకి ఒకటే తోచింది.

"సూటు కోసం."

"ఎవరికి?"

ఆయన కళ్లు ఎం.డి. వీపు వైపు వెళ్లాయి. "ఎవరికీ చెప్పకండి" అన్నాడు.

"అయ్యో, నేనెందుకు చెప్తానండీ" అంది టముకు. ఆ మాట పూర్తయ్యేలోపే ఆవిడ క్యాంటీను వైపు నడక మొదలుపెట్టింది.

సాయంత్రానికి ఆఫీసంతా తెలిసిపోయింది. ఎం.డి.కి సూటు కొలుస్తున్నారు. అంటే ఛైర్మన్ గారు ఆయన్ని సాగనంపుతున్నారు. స్టోర్స్ మేనేజరుకే ఆ పని అప్పజెప్పారంటే, ఆయన ఛైర్మన్‌కి ఎంత దగ్గరివాడో కదా అని కూడా కొందరు అనుకున్నారు. సూటు కోసం టముకు మొదలుపెట్టిన చందాకి ఎవరినీ రెండోసారి అడగాల్సిన అవసరం రాలేదు. ఇచ్చినవాళ్లు, ఇంకేమైనా తగ్గితే చెప్పమన్నారు.

మంగళవారం ఎం.డి. బల్ల మీదికి ఫైళ్లు రాలేదు. పోయేవాడిని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఎవరి దగ్గర వాళ్లు ఆపుకున్నారు. ఎప్పుడూ ఆయన్ని చూసి గోడకి అంటుకుపోయే గుమాస్తాలు ఎదురొచ్చి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పారు. డ్రైవరు కారు తలుపు తీస్తూ "ఇక మీకు విశ్రాంతి సార్" అన్నాడు. అన్నిటికంటే ఘోరం, అకౌంట్స్ మేనేజరు ఆయన్ని చూసి నవ్వాడు. ఇన్నేళ్లుగా అందరినీ భయపెట్టి సుఖంగా బతికిన ఎం.డి.కి, తనని చూసి మనుషులు జాలిపడటం కొత్త. ఆ రోజు భోజనం సహించలేదు.

ఈ గోల స్టోర్స్ మేనేజరు చెవిన కూడా పడింది. ఒక్క మాట నోరు విప్పి చెబితే అంతా సర్దుకునేది. కానీ ఆ ఒక్క మాట ఏమిటి? తనకి గోల్ఫ్ రాదు, ఎం.డి. గారి ఒళ్లు కొలిచి తనకి కర్రలు చేయించుకుంటున్నాను అనా? అలా చెప్పాక కుర్చీ సంగతి మర్చిపోవచ్చు. ఆదివారం దాకా ఓపిక పడితే ఆట అయిపోతుంది, కుర్చీ వస్తుంది, పుకారు దానంతటదే చస్తుంది అనుకున్నాడు. అనుకుని, నేరుగా దుకాణానికెళ్లి కొలతలు ఇచ్చి కర్రలకి పురమాయించి వచ్చాడు. తిరిగొచ్చేసరికి టముకు బల్ల దగ్గర కాచుకుని ఉంది. సూటు కొలతలు కావాలంది. తెలిసినవే చెప్పాడు.

బుధవారం దర్జీ స్వయంగా వచ్చాడు. "మణికట్టు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చెప్పారు, అరచెయ్యి చెప్పారు, నడుం మాత్రం చెప్పలేదు. నేను కుట్టాల్సింది సూటా, డేరానా?" అని టముకుని విసుక్కుని, అలవాటు ప్రకారం తిన్నగా గదిలోకి వెళ్లిపోయాడు. ఆ ఆఫీసులో టేపు మెడలో వేసుకున్న మనిషిని ఆపే ధైర్యం ఎవరికీ లేదు.

ఎం.డి. తలెత్తి టేపుని చూశాడు.

"కాస్త చేతులు పైకెత్తండి సార్. నడుం ఒక్కటే మిగిలింది."

"ఎవరికి?"

"మీకే సార్. మిగతా కొలతలు స్టోర్స్ మేనేజరు గారు మొన్ననే తీసుకున్నారంట. రంగు మీవాళ్లే చెప్పారు. బూడిదరంగు."

ఎం.డి. చేతులు పైకెత్తాడు. ఎంతమంది చేత ఎత్తించాడో, తనకి కూడా వేరే దారి తోచలేదు. దర్జీ వెళ్లగానే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తాను చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వీటిలో ఛైర్మన్‌కి ఏది తెలిసిపోయిందో తేల్చుకోలేకపోయాడు. ఫోను తీశాడు.

"నన్ను పంపించాలనుకుంటే మీరే చెప్పాల్సింది సార్, దర్జీ చేత కాదు. నేనే వెళ్తున్నాను. ఈ రోజే."

అవతల ఛైర్మన్‌కి తలా తోకా అర్థం కాలేదు. కానీ ఈ మనిషిని ఎలా వదిలించుకోవాలా అని ఆయన చాలాకాలంగా మథనపడుతున్నాడు. కాగల కార్యం గంధర్వులే తీర్చినట్టయింది. "మీరు అంతగా అంటుంటే నేనెలా కాదనగలను?" అన్నాడు, సంతోషాన్ని దగ్గులో కలిపేస్తూ.

సంగతి తెలిసి స్టోర్స్ మేనేజరు పరుగెత్తాడు. పరువు పోతే పోయింది, నిజం చెప్పేద్దామని ఈసారి నిజంగానే అనుకున్నాడు. "సార్, అదంతా నా వల్లే జరిగింది సార్. ఆ టేపు" అంటూ మొదలుపెట్టాడు. ఎం.డి. లేచి వచ్చి ఆయన్ని కావలించుకున్నాడు.

"ఏం చెప్పకండి. నాకు తెలుసు. మీ చేత బలవంతంగా కొలిపించారు. సోమవారం మీరు నా చెయ్యి వదల్లేకపోయారు. కళ్లలో నీళ్లు పెట్టుకున్నారు. అప్పుడే నాకు చెప్పాలనుకున్నారు కదా? ఇంతమందిలో నాకోసం బాధపడింది మీరొక్కరే."

"అది కాదు సార్..."

"జనరల్ మేనేజరుగా మీ పేరే అనుకున్నానండి. ఆదివారం ఆట అయ్యాక చెబుదామనుకున్నాను. ఏం చేస్తాం."

స్టోర్స్ మేనేజరు భోరున ఏడ్చాడు. ఆ ఏడుపులో నటన ఏమాత్రం లేదు. ఎం.డి. కూడా ఏడ్చాడు. గురువారం సూటు వచ్చింది. చేతులు కాస్త పొడవైనా నడుం దగ్గర బాగా కుదిరిందని అందరూ మెచ్చుకుని, ఆయనతో ఫొటో దిగారు.

శుక్రవారం ఛైర్మన్ అకౌంట్స్ మేనేజరుని ఎం.డి.ని చేశాడు. కొత్త ఎం.డి. ఆటలాడడు. ఆయన మొదట చేసిన పని, జనరల్ మేనేజరు పోస్టుని రద్దు చెయ్యడం. "ఇన్నాళ్లు ఖాళీగా ఉన్నా పని జరిగిందిగా, ఇంకా ఎందుకు?" అన్నాడు. రెండోది, ఆ కుర్చీని స్టోర్స్‌కి పంపించడం. స్టోర్స్ మేనేజరు సంతకం పెట్టి దాన్ని అందుకుని, గోదాములో విరిగిన బల్లల పక్కన పెట్టించాడు.

శనివారం కర్రలు ఇంటికొచ్చాయి. ఆయన నిలబడి పట్టుకుంటే కర్ర పిడి పొట్టలో గుచ్చుకుంది. వెనక్కి జరిగితే కర్ర తల నేల మీద ఆనకుండా ముక్కు పైకెత్తి కూర్చుంది. కాడ ఇనుపకమ్మీలా బిగుసుకుని ఉంది. దుకాణానికి ఫోను చేస్తే, ముందే చెప్పాం కదండీ అంది ఆవిడ. "పోనీలే బావా, కనీసం ఇక ఆడక్కర్లేదుగా" అని బావమరిది ఓదార్చాడు.

ఆదివారం తెల్లవారకముందే వీధిలో హారను మోగింది.

"ఏమండీ, మీకోసం ఎవరో పొడుగాయన వచ్చారు. నెత్తిన టోపీ కూడా ఉంది" అంది భార్య కిటికీలోంచి చూస్తూ.

పాత ఎం.డి. కారు దిగి, స్టోర్స్ మేనేజరు సంచీని తానే తీసి డిక్కీలో పెట్టాడు. "లోకమంతా వదిలేసినా మీరు వదలరని నాకు తెలుసు" అన్నాడు. మైదానంలో స్టోర్స్ మేనేజరు ఊపిన ప్రతిసారీ బంతి ఎడమ వైపు పొదల్లోకి వెళ్లింది. పిడి తగిలి తగిలి పొట్ట కమిలింది, నడుం పట్టేసింది. పాత ఎం.డి. మాత్రం చాలా రోజుల తర్వాత మనస్ఫూర్తిగా నవ్వాడు, గెలిచాడు, భుజం మీద చెయ్యి వేశాడు.

"మీతో ఆడితే ప్రాణం లేచొచ్చిందండీ. ఇకనుంచి ప్రతి ఆదివారం మీరే నా జోడీ. సెలవు రోజుల్లో కూడా వస్తాను, నాకిప్పుడు పనేం లేదు కదా."

అప్పట్నుంచి స్టోర్స్ మేనేజరు, తనకి ఏమీ ఇవ్వలేని పెద్దమనిషి చేతిలో ప్రతివారం ఓడిపోతున్నాడు. అందుకు ఆయన పనిగట్టుకుని చెయ్యాల్సిందేమీ లేదు, అంతా కర్రలే చూసుకుంటున్నాయి.